తెలుపును అచ్చు వేయలేం

శుక్రవారం, షాపు మూసే వేళకు పది నిమిషాల ముందు
మార్లీన్ ష్రోడర్ ఒక పెన్‌డ్రైవ్ తెచ్చి
కౌంటర్ మీద పెట్టింది,
కోడిగుడ్డు పెట్టినంత జాగ్రత్తగా.
"మీటరున్నర వెడల్పు. మెరుపు లేని కాగితం. సోమవారానికి."

పోర్ట్ అగస్టాలో మా ప్రింటు షాపుకి
ఎక్కువగా వచ్చేవి ఇల్లు అమ్మకం బోర్డులు,
ఫుట్‌బాల్ క్లబ్బు క్యాలెండర్లు,
చేపను పట్టుకుని నిలబడ్డ మగవాళ్ళు.
చేప కంటే నవ్వే పెద్దది, ఎప్పుడూ.

ఫైలు తెరిచాను.
తెరంతా తెల్లబడింది.
కంప్యూటర్ చెడిందనుకున్నాను ముందు.
తరవాత కింది అంచున ఎర్రమట్టి గట్టు,
పైన, నీలిమందు పెట్టి ఆరేసిన పంచె లాంటి ఆకాశం,
మధ్యలో గెయిర్డ్‌నర్ సరస్సు.
అంటే, నీళ్ళు వెళ్ళిపోయాక మిగిలినది.

నా మడమలు మండాయి.
నిజంగానే. కుర్చీలో, మేజోళ్ళలో, బూట్లలో.
పదమూడో ఏట వేసవి సెలవులన్నీ
చినగంజాం ఉప్పు మడుల్లో పలక లాగాను.
ఆ పగుళ్ళలోకి దిగిన మంట
ఇన్నేళ్ళూ ఎక్కడ దాక్కుందో,
ఒక బొమ్మ చూసి
పేరు పెట్టి పిలిచినట్టు బయటికొచ్చింది.

"ఎలా ఉంది?" అంది మార్లీన్.
అందంగా ఉందనే మాట నోటిదాకా వచ్చి ఆగింది.
ఉప్పును అందం అనడం నాకు రాదు.
అది తూకం. అది బస్తా.
అది మేస్త్రీ పుస్తకంలో ఒక గీత, ఒక్కోరోజు ఆ గీత కూడా కాదు.
"ఎండ బాగా పడింది" అన్నాను.
ఆవిడ దాన్ని పొగడ్తగానే తీసుకుంది.

"ఇదొక్కటి తుడిచెయ్."
కుడి మూల, వెంట్రుక పడ్డట్టు సన్నటి గీత.
"మనిషి జాడ ఉండకూడదు.
భూమి మొదటి రోజులా ఉండాలి."

పెద్దది చేసి చూశాను.
వెంట్రుక రెండయింది. టైరు జాడ.
కొంత దూరం ధీమాగా పోయి, తడబడి,
ఒకచోట గుండ్రంగా నల్లబురద కక్కింది.
పైపొర అప్పడం, కింద ఊబి.
ఏ దేశంలోనైనా ఉప్పు చేసే మోసం అదే.
చుట్టూ అడుగులు: వెనక్కి, ముందుకి, మళ్ళీ వెనక్కి.

"ఎవరో దిగబడ్డారు పాపం.
ఒక్కరే. తోసుకున్నారు.
కుడికాలు కాస్త ఈడ్చే మనిషి."

మార్లీన్ మాట్లాడలేదు.
కుడి మోకాలు అరచేత్తో రెండుసార్లు తట్టుకుని
అప్పుడు నవ్వింది, పళ్ళన్నీ కనబడేలా.
"నాలుగు గంటలు. ట్రాక్టరు వచ్చేదాకా.
దానికి తెలిసిన ప్రతి తిట్టూ తిట్టాక
గట్టెక్కి వెనక్కి చూస్తే, ఇది."

అయితే భూమి మొదటి రోజునే
నీ బండి దిగబడిందన్నమాట, అన్నాను.
అయినా తుడిచెయ్ అంది.
కౌన్సిల్ హాలువాళ్ళు డబ్బిచ్చింది ఖాళీ సరస్సుకి.

ఈ పని చేసేవాళ్ళకి మాత్రమే తెలిసిన సంగతొకటి.
తెలుపును అచ్చు వేయలేం.
మా మిషన్లో పదకొండు రంగుల సిరా ఉంది, తెలుపు లేదు.
తెలుపు రావలసిన చోట
సిరా గొట్టం ఊరికే దాటిపోతుంది,
గుమ్మంలో పడుకున్న కుక్కని దాటినట్టు.
మీరు మంచు అనుకునేది, నురగ అనుకునేది,
పెళ్ళికూతురి గౌను అనుకునేది
వట్టి కాగితం.

పక్కనున్న ఉప్పు కొంచెం కొంచెం తీసి
టైర్ల మీద కప్పాను, అడుగుల మీద కప్పాను.
పదకొండు నిమిషాలు పట్టింది.
చెరిపిన చోట నా కంటికి ఇంకా కనిపిస్తూనే ఉంది,
కుట్టు విప్పిన బట్టలో సూది దారిలా.

సోమవారం వచ్చి చుట్ట చుట్టించుకుని
కారులో వెనక సీటుకి బెల్టు కట్టి మరీ పట్టుకెళ్ళింది.

తుడవకముందు తీసిన నమూనా ముక్క
జానెడు, నా దగ్గరే ఉంది,
అన్నం డబ్బా పెట్టుకునే అలమర తలుపు లోపల.
మొన్న ఎవరూ లేనప్పుడు
ఆ తెలుపు మీద వేలు రాసి
నాలిక మీద పెట్టుకున్నాను.

కాగితమే.
అయినా మంచినీళ్ళు తాగాను, గ్లాసు నిండా.